పిల్లాడి పూచీ ఎవరిది? (న్యాయం శీర్షిక: మీ ప్రశ్నలు, మా జవాబులు)

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద కేసు పడితే అలాంటి పిల్లల్ని ఉంచే హోమ్‌కి పంపడం ఒక్కటే దారి కాదని పోయిన నెల ఇక్కడ రెండు ముక్కలు రాశాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి, కొన్ని కన్నీళ్లతో, కొన్ని కోపంతో. పేర్లు, ఊళ్లు అన్నీ తీసేశాను. ఇలాంటి పిల్లల వివరాలు బయటపెట్టడం నేరమని పిల్లల కేసులకి వర్తించే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది, ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో దొంగతనం చేసిన పిల్లాడంటూ ఫోటో తిప్పేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారు దాటాయి, ఇంటర్ ఫస్టియర్. ఇద్దరు స్నేహితులతో కలిసి రోడ్డు పక్కన ఉన్న బైకు తీసుకెళ్లి, తిరిగినంత తిరిగి పెట్రోలు అయిపోయాక వదిలేశారు. బెయిల్ మీద ఇంట్లోనే ఉన్నాడు. మూడేళ్లు హోమ్‌లో వేస్తారని చుట్టుపక్కల వాళ్లు అంటున్నారు. ప్లీడరు గారేమో ఒప్పేసుకుంటే తొందరగా తేలిపోతుంది అంటున్నారు. మా ఆయన పని మీద వేరే ఊళ్లో ఉంటారు, నేను కుట్టుపని చేస్తాను. వాయిదా దగ్గర పడుతుంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ మూడేళ్ల భయం తీసి పక్కన పెట్టండి. స్పెషల్ హోమ్‌కి పంపితే గరిష్ఠంగా మూడేళ్లు అని చట్టంలో ఉన్న మాట నిజమే, కానీ అది 18వ సెక్షన్‌లో చెప్పిన దారుల్లో చిట్టచివరిది. దానికంటే ముందు చాలా ఉన్నాయి. పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు పిల్లాడితో, మీతో మాట్లాడి, మందలించి ఇంటికి పంపొచ్చు. గ్రూప్ కౌన్సెలింగ్‌కి వెళ్లమనొచ్చు, సమాజ సేవ చేయమనొచ్చు, జరిమానా వేయొచ్చు. మంచి నడవడికతో ఉంటాడని బాండు రాయించుకుని తల్లిదండ్రులకో, సంరక్షకులకో, తగిన వ్యక్తి అని బోర్డు నమ్మిన ఇంకొకరికో అప్పగించి ప్రొబేషన్‌లో పెట్టొచ్చు. వీటితోపాటు కాలేజీ మానకూడదని, ఫలానా చోటికి వెళ్లకూడదని, అలవాట్లుంటే మాన్పించే కేంద్రానికి వెళ్లాలని షరతులు పెట్టొచ్చు. పిల్లల్ని సంస్థల్లో ఉంచడం ఆఖరి మార్గంగానే ఉండాలని 2015 చట్టం తన మూల సూత్రాల్లోనే రాసుకుంది, కాబట్టి మీరు బోర్డుని దయ చూపమని ప్రాధేయపడక్కర్లేదు, చట్టంలో ఉన్నదే అడుగుతున్నారు.

బైకు దొంగతనానికి శిక్ష మూడేళ్లు మించదు, అంటే ఈ చట్టం లెక్కలో చిన్న నేరం. చిన్న నేరాల్లో విచారణ పిల్లాడిని మొదటిసారి బోర్డు ముందు పెట్టిన రోజు నుంచి నాలుగు నెలల్లో పూర్తి కావాలి, ఇంకో రెండు నెలలు పొడిగించవచ్చు, అప్పటికీ తేలకపోతే కేసు అక్కడితో ముగిసిపోతుంది. ఆ తేదీ ఎప్పుడో క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. ముగ్గురిలో ఎవరికైనా బైకు తీసిన రోజుకే పద్దెనిమిది నిండి ఉంటే మాత్రం వాళ్ల కేసు మామూలు కోర్టులో నడుస్తుంది, మీవాడిది బోర్డులోనే ఉంటుంది.

ఇక అసలు సంగతి. కేసు ఎటు పోతుందో సగం తేలేది సామాజిక విచారణ నివేదికలో. ప్రొబేషన్ ఆఫీసర్ మీ ఇంటికి వచ్చి, ఇల్లు చూసి, కాలేజీలో కనుక్కుని, ఇరుగుపొరుగుతో మాట్లాడి రాసేది అది, రెండు వారాల్లో బోర్డుకి ఇవ్వాలి. బోర్డు ఏ ఆర్డరు ఇవ్వాలన్నా ఆ కాగితం ముందుంచుకునే ఇస్తుంది. చాలామంది తల్లులు ఆ రోజు కంగారుపడి "మావాడు బంగారమండీ, వాళ్లే చెడగొట్టారు" అని దండం పెట్టి పంపేస్తారు. ఆ మాటతో ఆఫీసరుకి రాసుకోవడానికి ఏమీ దొరకదు. మీరు రాత్రి ఎనిమిదింటి దాకా మిషన్ దగ్గర కూర్చుంటే, కాలేజీ వదిలిన నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా మీవాడు ఎక్కడుంటాడు, ఎవరితో ఉంటాడు, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? వాళ్లకి కావాల్సింది ఈ జవాబు. ఇప్పటిదాకా ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి, ఇకమీదట ఎలా ఉండబోతుందో కూడా చెప్పండి. ఆ మూడున్నర గంటలకి ఒక మనిషిని చూడండి. మీ తమ్ముడు కావచ్చు, కాలేజీలో వాడంటే అభిమానం ఉన్న లెక్చరర్ కావచ్చు, సాయంత్రం గ్రౌండ్‌లో ఆట నేర్పే కోచ్ కావచ్చు. "సాయంత్రాలు నా దగ్గరికి వస్తాడు, రాకపోతే వాళ్లమ్మకి ఫోన్ చేస్తాను" అని ఆ మనిషి ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి, వీలైతే వాయిదాకి కూడా వస్తే, బోర్డు సభ్యులకి మీవాణ్ణి ఇంటికి పంపడం ఎంత తేలికవుతుందో చెప్పలేను. వాళ్లకీ భయం ఉంటుందండీ, ఇంటికి పంపినవాడు మళ్లీ ఏదైనా చేస్తే అని.

ఒప్పుకోవడం గురించి. చేసిన పని చేశానని వాడంతట వాడు చెబితే అది వేరు, మంచిదే. చేయనిది కూడా కలిపి, తొందరగా అయిపోతుందని ఒప్పించడం తప్పు. అలా ఒప్పుకుంటే ఎక్కడో పోయిన రెండు ఫోన్లు కూడా ఈ కేసులోకే వచ్చి చేరతాయి. ప్లీడరు గారి మీద నమ్మకం కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, పిల్లల కేసుల్లో ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి. ఇంటికి పంపితే గండం గడిచిందని ఊపిరి పీల్చుకుని వదిలేయకండి. ప్రొబేషన్ అంటే ప్రొబేషన్ ఆఫీసర్ కనిపెట్టుకుని ఉంటారు, వాడు ఎలా ఉంటున్నాడో బోర్డుకి రిపోర్టు వెళుతుంది. పని ఆ రోజు నుంచే మొదలు.

ప్రశ్న: మీరు ఎన్ని చెప్పినా నాకు మింగుడు పడడం లేదు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. పుణెలో కారుతో ఇద్దర్ని చంపిన కుర్రాడికి వ్యాసం రాయమని చెప్పి ఇంటికి పంపారు. భయం లేకపోతే పిల్లలు మాట వింటారా? ఇంటికి పంపడం శిక్ష ఎలా అవుతుంది?

జవాబు: మాస్టారూ, ఆ వార్త చదివినప్పుడు నాకూ కడుపు రగిలింది. 2024 మే నెలలో రెండు ప్రాణాలు పోయిన కేసు, కొన్ని గంటల్లోనే బెయిల్, షరతుల్లో ఒకటి రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం. అయితే అది తుది శిక్ష కాదు, బెయిల్ షరతు. దేశమంతా గొడవయ్యాక ఆర్డరు మార్చి, విచారణ సాగేటప్పుడు పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌కి పంపారు, జూన్ చివర్లో బొంబాయి హైకోర్టు ఆ హోమ్‌లో ఉంచడం చట్టప్రకారం కుదరదని చెప్పి మేనత్త సంరక్షణకి అప్పగించింది. నా మటుకు నాకు అక్కడ తప్పు ఇంటికి పంపడంలో కనిపించలేదు. పిల్లాడి గురించి, వాడిని ఎవరు అదుపులో పెడతారన్న దాని గురించి ఏమీ తెలియకుండా గంటల్లో తేల్చేయడంలో కనిపించింది. ఆ ఒక్క వ్యాసం వల్ల దేశంలో మిగతా పిల్లలకి చేసిన అన్యాయం ఇంకా పెద్దది. ఇప్పుడు సమాజ సేవ, కౌన్సెలింగ్ అనగానే అందరికీ ఆ వ్యాసమే గుర్తొస్తోంది.

భయం గురించి అడిగారు. బడిలో మీరు చూసే ఉంటారు, వెనక బెంచీలో అల్లరివాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెడితే అల్లరి తగ్గిందా? హోమ్‌లోనూ జరిగేది అదే. ఊరికే సరదాకి బైకు తీసిన వాడు, ఫోన్లు కొట్టేసి ఎక్కడ అమ్మాలో తెలిసిన వాడు ఒకే గదిలో నెలల తరబడి ఉంటారు. చదువు ఆగిపోతుంది, బయటికి వచ్చాక తెలిసిన మొహాలు ఆ హోమ్‌లోవే. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలో షికాగోలో పిల్లల కేసులు ఏ జడ్జి దగ్గర పడతాయన్నది లాటరీలాగా ఉంటే, కఠినమైన జడ్జి దగ్గర పడి లోపలికి వెళ్లిన పిల్లల్నీ, అలాంటి కేసులోనే మెతక జడ్జి దగ్గర పడి బయట ఉన్న పిల్లల్నీ పోల్చి చూశారు. 2015లో అచ్చయిన ఆ పరిశోధనలో లోపలికి వెళ్లినవాళ్లు హైస్కూలు పూర్తి చేయడం తగ్గింది, పెద్దయ్యాక జైలుకి వెళ్లడం పెరిగింది. ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ నగరాల్లో పెద్ద నేరాలు చేసిన 1,354 మంది పిల్లల్ని ఏడేళ్లు వెంబడించి చూసిన ఇంకో అధ్యయనంలో, ఎక్కువకాలం లోపల ఉంచినందువల్ల మళ్లీ అరెస్టు కావడం తగ్గలేదని తేలింది. మసాచుసెట్స్ రాష్ట్రం 1970ల మొదట్లోనే పిల్లల్ని పెట్టే పెద్ద పెద్ద బందీఖానా బడుల్ని మూసేసి, ఊళ్లలోనే చిన్న చిన్న ఏర్పాట్లు చేసుకుంది. మన దేశం 1992లో చేరిన బాలల హక్కుల ఒడంబడిక కూడా పిల్లల్ని నిర్బంధించడం ఆఖరి మార్గంగా, వీలైనంత తక్కువకాలం ఉండాలంటుంది.

అందర్నీ ఇంటికి పంపేయమని నేను అనడం లేదు. ఎదుటివాళ్ల ప్రాణానికి ప్రమాదమైన పిల్లలు కొందరుంటారు, వాళ్లని కొంతకాలం లోపల ఉంచక తప్పదు. 2012 ఢిల్లీ ఘటన తర్వాత వచ్చిన ఈ చట్టమే, పదహారు దాటినవాళ్లు ఘోరమైన నేరం చేస్తే ముందు అంచనా వేసి పెద్దవాళ్లలా విచారించే దారి కూడా పెట్టింది. కానీ ఆ కేసుల్ని చూపించి ఫోన్లు, బైకులు, కొట్లాటల పిల్లలందర్నీ లోపలేయమంటే నేను ఒప్పుకోను. ఇంటికి పంపడం శిక్ష ఎలా అవుతుందన్నారు. వారం వారం ఒక మనిషి ముందు కూర్చుని ఏం చేశావో చెప్పడం, సేవ చేయమన్న చోటికి టైముకి వెళ్లడం, చేసిన పని తెలిసిన వీధిలోనే తలెత్తుకుని నడవడం నేర్చుకోవడం, ఇవి హోమ్‌లో పడి ఉండటం కంటే కష్టం మాస్టారూ. మీలాంటి రిటైరైన మాస్టార్లు ఒక్కో పిల్లాడికి సాయంత్రం ఒక గంట ఇస్తే ఎంత మేలో, ఒక్కసారి మీ జిల్లా బాలల సంరక్షణ అధికారి ఆఫీసుకి వెళ్లి అడిగి చూడండి.

ప్రశ్న: మావాడికి పధ్నాలుగు. చిల్లర దొంగతనాలు మొదలుపెట్టాడు. కేసేమీ లేదు. తెలిసిన ఎస్సైతో చెప్పి ఒకసారి జైలు చూపించి, నాలుగు తగిలించి భయపెట్టిద్దామనుకుంటున్నాను.

జవాబు: వద్దండీ. జైలు చూపించి, ఖైదీలతో బెదిరింపులు ఇప్పించి పిల్లల్ని మార్చాలని అమెరికాలో చాలా చోట్ల ప్రయత్నించారు. ఆ ప్రయోగాల్ని ఒకచోట చేర్చి చూస్తే, జైలు చూసొచ్చిన పిల్లలే చూడని వాళ్లకంటే ఎక్కువ తప్పులు చేశారు. స్టేషన్‌లో దెబ్బ తింటే మీమీద నమ్మకం పోతుంది, ఎస్సై మీద భయం వారానికి పోతుంది. డబ్బు దేనికి వాడుతున్నాడో ముందు కనుక్కోండి. ఆన్‌లైన్ ఆట, సిగరెట్టు, ఎవరో బెదిరించి తెమ్మనడం, మూడింటికీ మందు వేరు. బడిలో కౌన్సెలర్ ఉంటే అక్కడ మొదలుపెట్టండి, లేదంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మాది చిన్న వృద్ధాశ్రమం. బోర్డు వాళ్లు ఒక అబ్బాయిని సమాజ సేవకి మా దగ్గరికి పంపుతామన్నారు. కమిటీలో సగం మంది వద్దంటున్నారు. పెద్దవాళ్ల వస్తువులు పోతే ఎవరు బాధ్యత? వాడికి ఏం పని చెప్పాలి?

జవాబు: దయచేసి ఒప్పుకోండి సార్. మీరు కాదంటే బోర్డు చేతిలో ఒక మంచి దారి మూసుకుపోతుంది. చట్టంలో సమాజ సేవ అని ఉంటుంది కానీ, ఎక్కడికి పంపాలంటే చెప్పడానికి చోటు లేక బోర్డులు ఆ ఆర్డరు ఇవ్వడమే తగ్గించేస్తాయి. కేంద్రం 2016లో తెచ్చిన నమూనా రూల్స్ ప్రకారం పధ్నాలుగేళ్లు దాటిన వాళ్లకే ఈ సేవ, అందులో చెప్పిన ఉదాహరణల్లో పార్కు బాగు చేయడం, ఆసుపత్రిలో సాయం, ట్రాఫిక్ వాలంటీరు పని, వికలాంగ పిల్లలకి సేవ ఉన్నాయి, పెద్దవాళ్ల సేవ కూడా ఉంది.

పని గురించి. మరుగుదొడ్లు కడిగించి బుద్ధి చెబుదామనే ఆలోచన వస్తుంది, అది వద్దు. అలా అవమానించి పంపితే వాడు నేర్చుకునేది పగే. మనిషితో మనిషికి సంబంధం పడే పని ఇవ్వండి. కళ్లు సరిగా కనపడని తాతగారికి పొద్దున పేపరు చదివి పెట్టడం, వీల్‌చైర్‌లో ఉన్నావిడని సాయంత్రం ఆవరణలో తిప్పడం, మందుల డబ్బాలో ఏ పూటకి ఏది అని మీ నర్సు పక్కన నిలబడి సర్దడం. తనమీద ఎప్పుడూ ఎవరూ ఆధారపడని కుర్రాడికి "నువ్వు రేపు రాకపోతే నా పేపరు ఎవరు చదువుతారు" అని ఒక పెద్దాయన అనడం మామూలు సంగతి కాదు. మొదటి రోజు వాడు తల దించుకుని వస్తాడు, ఏం చేయాలో తెలియక గోడకి ఆనుకుని నిలబడతాడు, ఆ రోజు మీరు తీసుకెళ్లి ఒకరికి పరిచయం చేసి కుర్చీ వేసి కూర్చోబెట్టండి చాలు.

జాగ్రత్తలు మామూలువే. వాడిని చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి, రోజుకొకరు కాదు. వచ్చిన టైము, వెళ్లిన టైము రిజిస్టరులో రాయించండి. కాలేజీ వేళల్లో పిలవకండి. బీరువా తాళాలు, డబ్బు మీరు ఎవరికైనా ఎలా జాగ్రత్త పడతారో అలాగే. కేసు ఏమిటో కమిటీలో ఒకరికి తెలిస్తే చాలు, ఆశ్రమంలో అందరికీ చెప్పకండి, ఫోటో తీసి పోస్టు చేయకండి. ఏదైనా తేడా వస్తే వెంటనే ప్రొబేషన్ ఆఫీసర్‌కి చెప్పండి, మీరు సొంతంగా శిక్షించకండి.

ఇంకో మాట, మీ కమిటీకి చదివి వినిపించండి. తల్లీ తండ్రీ లేని పిల్లలు, ఎక్కడి నుంచో పనికి వచ్చి చిక్కుకున్న పిల్లలు కొందరు బెయిల్ వచ్చినా హోమ్‌లోనే ఉండిపోతారు. చేసింది పెద్ద నేరం అయి కాదు, షరతులు తీర్చేవాళ్లు, వచ్చి తీసుకెళ్లేవాళ్లు లేక. ఏడు రోజుల్లో షరతు తీర్చలేకపోతే మళ్లీ బోర్డు ముందు పెట్టి షరతు మార్చాలని చట్టంలో ఉంది, కానీ మార్చినా పూచీ పడే మనిషి ఒకరు కావాలి కదా. తగిన వ్యక్తి, తగిన సంస్థ అన్న మాటలు చట్టం పెట్టింది అందుకే. మీలాంటి సంస్థలు ముందుకి రావాలి.

ప్రశ్న: నా సెల్ షాపు షట్టర్ పగలగొట్టి ముగ్గురు పిల్లలు ఫోన్లు ఎత్తుకెళ్లారు. సగమే దొరికాయి. వాళ్లకి కౌన్సెలింగ్ అంటున్నారు. నాకు పడిన నష్టం మాటేమిటి?

జవాబు: మీ బాధలో న్యాయం ఉందండీ. పిల్లాడికో, తల్లిదండ్రులకో జరిమానా వేసే అధికారం బోర్డుకి ఉంది, అయితే అది మీ నష్టం పూడ్చడానికి అని ఆ సెక్షన్‌లో లేదు. న్యూజిలాండ్‌లో 1989 నుంచి వేరే పద్ధతి ఉంది. పిల్లాడు, వాడి కుటుంబం, పోలీసు, నష్టపోయినవాళ్లు ఒకచోట కూర్చుంటారు. షట్టర్ పగిలిన రోజు మీరేం పడ్డారో మీరే వాడి మొహం చూసి చెబుతారు, క్షమాపణ ఎలా చెప్పాలి, డబ్బు ఎలా తీర్చాలి, ఏం పని చేయాలి అన్నది అందరూ కలిసి ఒప్పందం రాసుకుంటారు. అక్కడి మావోరీ జనం తమ పిల్లల సంగతి కుటుంబం కూర్చుని తేల్చుకోవాలని గట్టిగా అడిగినందువల్ల కూడా ఆ పద్ధతి వచ్చింది. మన 18వ సెక్షన్‌లో నష్టపోయినవాళ్లకి అలాంటి కుర్చీ లేదు, ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. కౌన్సెలింగ్ అనగానే మీకు కోపం రావడానికి సగం కారణం, మిమ్మల్ని ఒక్కమాట కూడా ఎవరూ అడగకపోవడమే.

ప్రస్తుతానికి ప్రొబేషన్ ఆఫీసర్‌ని కలిసి మీ నష్టం వివరం కాగితం మీద ఇవ్వండి. ఆ పిల్లల ఇళ్లకి మీరే వెళ్లి డబ్బు అడగొద్దు, మాట మీద మాట పెరిగి కేసు మీమీదికి తిరుగుతుంది.

ప్రశ్న: నాకిప్పుడు ఇరవై. పదహారప్పుడు కొట్లాట కేసులో ప్రొబేషన్ అయింది, అది పూర్తయింది కూడా. కానిస్టేబుల్ పరీక్ష రాద్దామనుకుంటున్నాను. ఆ కేసు బయటపడుతుందా?

జవాబు: తమ్ముడూ, పరీక్ష రాయి. బాల్యంలో జరిగినదానివల్ల ఏ అనర్హతా రాదని 24వ సెక్షన్ చెబుతోంది, అప్పీలు గడువు అయ్యాక రికార్డు తీసేయాలని కూడా ఉంది. ముగిసిన కేసు వివరాలు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం కూడా పోలీసులు ఇవ్వకూడదు. బాల్యంలో పడిన కేసును చూపించి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్)లో ఉద్యోగం నిరాకరించడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వెరిఫికేషన్ ఫారంలో ప్రశ్న ఏ మాటల్లో ఉందన్నది చాలా ముఖ్యం, చాలామంది దెబ్బతినేది అక్కడే. ఆ పేజీ ఫోటో తీసుకుని, నీ దగ్గరున్న బోర్డు ఆర్డరు కాపీతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి, లాయర్ చెప్పాకే నింపు. ఆఖరి తేదీ దాకా ఆగకు.